మందూ, అనుపానమూ

మా పెరట్లో బావికి పన్నెండడుగుల దూరంలో ఒక సుబాబుల్ చెట్టు ఉండేది. ఎవరూ నాటింది కాదు. మా ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళల్లో కాగితం మిల్లుల కోసం పొలాలకు పొలాలు సుబాబుల్ వేస్తారు. ఏ మేకల కోసం మోసుకెళ్తున్న రొట్టలోంచో ఒక కాయ రాలి ఉంటుంది. మేం చూసుకునేసరికి ఇంటికంటే ఎత్తయింది. నీడ బాగానే ఉంది కదా అని ఊరుకున్నాం. ఒకనాడు బావి వర పగిలి, ఆ పగుల్లోంచి వేరు కనబడింది. అప్పుడు కొట్టించేశాం.

కొట్టించేశాం అనుకున్నాం, అంతే. నెల తిరక్కుండా మోడు చుట్టూ గుత్తులుగా చిగుళ్ళు. మళ్ళీ కొట్టిస్తే మళ్ళీ వచ్చాయి. మూడోసారికి ఇంకా ఎక్కువొచ్చాయి.

నిరుడు ఎండాకాలం చెట్టు కొట్టడానికి వచ్చినతను, "అమ్మా, మెకానిక్కు షెడ్డులో వాడేసిన ఇంజనాయిలు ఉంటది. తెచ్చి పోయండి, వేరుతో సహా మాడిపోద్ది" అన్నాడు. తప్పు అతని మీద వెయ్యను. తెప్పించిందీ నేనే, దగ్గరుండి పోయించిందీ నేనే. ఐదు లీటర్ల నల్లటి నూనె. మోడు చావలేదు కానీ, పక్కన పందిరెక్కిన జాజితీగ ఎండిపోయింది. మా అత్తయ్య కాపురానికి వచ్చిన కొత్తల్లో పుట్టింటి నుంచి తెచ్చుకున్న అంటు అది. మొదటి వాన పడగానే బావి గట్టు దాకా నిలిచిన నీళ్ళ మీద రంగురంగుల జిడ్డు తేలింది.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. రోజూ పొద్దున్నే చేదతో నీళ్ళు తోడి, చెంబెడు దేవుడి దగ్గర పెట్టి, తులసికి పోయడం ఆవిడకి నలభై ఏళ్ళ అలవాటు. ఆ వాన పడ్డ మర్నాటి నుంచి మాట్లాడకుండా కుళాయి నీళ్ళు పట్టుకోవడం మొదలుపెట్టారు. నాలుగు తిట్లు తిట్టినా బావుండేది నాకు.

ఈ ఏడు మళ్ళీ చిగుళ్ళు లేచేసరికి మా మరిది రంగంలోకి దిగాడు. "వదినా, ఈసారి నాకొదిలెయ్. కలుపు మందులో డీజిలు కలిపి తెచ్చా. ఒక్క పూటలో ఖతం" అంటూ రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా బావి గట్టు మీద పెట్టి, పార కోసం ఇంట్లోకెళ్ళాడు. అంతలో ట్యూషన్ నుంచి వచ్చిన మావాడు దాహంతో సీసా అందుకుని మూత తిప్పుతున్నాడు. నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ పరిగెత్తుకొచ్చింది.

వాడి చేతిలోంచి సీసా లాక్కుని చూశాను. లోపల రెండు పొరలు విడివిడిగా ఉన్నాయి. పైన డీజిలు, కింద మందు. చారు మీద నూనె తేలినట్టు. ఇరవై ఏళ్ళుగా వంటింట్లో ఉన్నదాన్ని, నీళ్ళలో కరిగే వస్తువు నూనెలో కలవదని నాకు ఎవరు చెప్పాలి? మరిది మాత్రం "ఊపి పోస్తే సరిపోద్ది" అంటాడు. ఆ సీసా ముట్టుకోనివ్వలేదు.

సాయంత్రం మా చెల్లెలి భర్తకి ఫోన్ చేశాను. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేస్తారు. ఆయన అంతా విని, "చెట్టును చంపేది మందే, కానీ దాన్ని లోపలికి మోసుకెళ్ళేది వేరే. ఏ మందుకి ఏది కలపాలో ముందు చూసుకోవాలి" అన్నారు. ఆ మాట వినగానే నాకు బీఏలో మా తెలుగు మాస్టారు చెప్పిన 'అనుపానం' గుర్తొచ్చింది. మందుతో పాటు పుచ్చుకునేది అనుపానం. శొంఠిపొడి తేనెలో రంగరిస్తాం, వాముపొడి నేతితో మొదటి ముద్దలో పెడతాం. మందు మంచిదైనా అనుపానం కుదరకపోతే పని చెయ్యదు. ఒక్కోసారి చేటు చేస్తుంది కూడా.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. మరిది తెచ్చింది గ్లైఫోసేట్. అది నీళ్ళలో కరిగే మందు. దాని అనుపానం నీళ్ళే. డీజిలుతో అది కలవదు. చెట్టు కొట్టకుండా బెరడు మీద పూసే మందులు వేరే ఉన్నాయి. నీళ్ళు బెరడు మీద నిలవక జారిపోతాయి, నూనె మాత్రం ఇంకుతుంది కాబట్టి ఆ మందులకి నూనె కావాలి. దానికి డీజిలు, కిరోసిన్ వాడే అలవాటు ఉంది. కానీ అవి మట్టిలో చాలాకాలం ఉండిపోయి చుట్టూ ఉన్న మొక్కల్నీ చంపుతాయి, బావి దగ్గరైతే నీళ్ళలోకీ దిగుతాయి. వాటికి బదులు విత్తనాల నూనెతో చేసినవి ఉన్నాయి. పెట్రోలు మాటే ఎత్తకూడదు, దాని ఆవిరికే నిప్పంటుకుంటుంది. వాడేసిన ఇంజనాయిలు అసలు మందే కాదు, లోహాలు కలిసిన విషపు చెత్త. ఇది విన్నాక నాకు కాసేపు నోట మాట రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేత మాత్రమే వాడించాలని ఉత్తర్వు ఇచ్చిందట. మనం కొనుక్కొచ్చి పోసుకునేది కాదన్నమాట. ఆ పని తెలిసిన మనిషిని ఆయనే పంపించారు.

వచ్చినతను డబ్బా, బకెట్టు ఏమీ తేలేదు. గ్లౌజులు వేసుకుని, గ్లాసులో కొంచెం మందుకి కొంచెం నీళ్ళు కలిపాడు. వాన సూచన లేదని చూసుకుని, మోడును రంపంతో కొత్తగా కోయించాడు. కోసిన కొద్ది నిమిషాల్లోనే చిన్న బ్రష్షుతో బెరడు లోపలి అంచున మాత్రం గాజులాగా గుండ్రంగా పూశాడు. "నడిమి కట్టె ఎలాగూ చచ్చిందేనమ్మా, ప్రాణమంతా ఈ అంచునే" అన్నాడు. నేల మీద ఒక్క చుక్క పడలేదు. నిరుడు నేను ఐదు లీటర్లు పోయించిన చోట ఈసారి అరగ్లాసు కూడా పట్టలేదు.

రెండు నెలలకి ఒక పక్కన రెండు చిగుళ్ళు వస్తే, అతనే వచ్చి వాటినీ చూశాడు. రాలిన గింజల నుంచి లేచిన పిల్ల మొక్కలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి. వాటికి మందెందుకు? వాన పడ్డ మర్నాడు నేనూ మావాడూ చేత్తోనే పీకేస్తున్నాం. నూనె పోసిన చోట మట్టి తీయించి, వేరే మట్టి పోయించాం. బావి నీళ్ళు రెండుసార్లు మోటారుతో తోడించి, పరీక్షకి పంపి, బాగున్నాయన్నాకే వాడుతున్నాం. కూల్‌డ్రింకు సీసాలో పప్పునూనె పోసి పెట్టే అలవాటు కూడా మానేశాను.

జాజితీగ కోసం అత్తయ్య పుట్టింటికి కబురుపెట్టాను. ఆ పాత తీగ అక్కడ ఇంకా ఉందట. వాళ్ళ మేనల్లుడు తడిగుడ్డలో చుట్టి అంటు తెచ్చిచ్చాడు. అత్తయ్య దాన్ని చూసి ఏమీ అనకుండా, పందిరి కింద గుంత తీయమన్నారు.

మర్నాడు పొద్దున నేను పాలు కాస్తుంటే పెరట్లో గిలక కిర్రుమంది. కిటికీలోంచి చూస్తే ఆవిడ చేద వేసి తోడుతున్నారు. మొదటి చేద జాజి అంటుకి పోసి, రెండోది చెంబులోకి వంపుకున్నారు.