కొల్లేటి గాలిలో హిమం

తెలుగులో మంచు అనే మాట చాలా పనులు చేస్తుంది. తెల్లవారుజామున కొల్లేటి మీదుగా వచ్చి ఏలూరు వీధులను కప్పివేసే తెల్లని తెర మంచే. గడ్డిపరక కొనన నిలిచిన బిందువూ మంచే. హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. మా ఇళ్ళలో మాట్లాడే ఉర్దూ తీరు వేరు. అందులో పొగమంచుకు కోహ్రా అనీ, మంచుబిందువుకు ఓస్ అనీ విడివిడిగా పేర్లున్నాయి గాని, కొండల మీద కురిసే హిమానికీ, చేపల పెట్టెలో పోసే ఐసుకూ బర్ఫ్ అనే మాట ఒక్కటే. ఈ రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు హిమమంటే ఏమిటో వివరించడం అనుకున్నంత సులభం కాదు.

వివరించవలసిన అవసరం మాకు నమాజు వల్ల కలిగింది. తొలి తక్బీరుకూ, ఖుర్ఆన్ పఠనానికీ నడుమ దైవప్రవక్త (స) మెల్లగా చేసుకునే దుఆ ఒకటి హజ్రత్ అబూ హురైరా (ర) ఉల్లేఖనంగా సహీహ్ బుఖారీలో, సహీహ్ ముస్లింలో ఉన్నది. తూర్పు పడమరలకు మధ్యనున్నంత ఎడాన్ని తనకూ తన పాపాలకూ మధ్య ఉంచమనీ, తెల్లని వస్త్రం మాలిన్యం వీడినట్లు తనను పరిశుద్ధపరచమనీ, తన పాపాలను నీటితోను, హిమంతోను, వడగళ్ళతోను కడిగివేయమనీ అందులోని వేడుకోలు. మా పెద్దమ్మాయి మక్తబ్‌లో దానిని కంఠస్థం చేసి, అర్థం కూడా నేర్చుకుని వచ్చింది. మాఉ అంటే నీరు. కొల్లేటి సీమలో పుట్టినవారికి నీటిని గూర్చి చెప్పనక్కరలేదు. బరద్ అంటే వడగళ్ళు. ఒక వేసవి సాయంత్రం అవి పడినప్పుడు గిన్నె పట్టుకుని పెరట్లోకి పరుగెత్తిన పిల్ల ఆమె. నడుమనున్న సల్జ్ మాత్రమే ఆమెకు అందలేదు.

"అబ్బా, నమాజులో దేనితో కడగమని అడుగుతున్నానో దానిని నేను చూడనే లేదు" అన్నది.

"ఆకివీడులో చూశాం కదా, అక్కా" అన్నాడు చిన్నవాడు.

వాడు చూసినది ఐసు ఫ్యాక్టరీ. కొల్లేటి చుట్టుపట్ల చేపల వ్యాపారమంతా ఐసు మీదనే నిలిచి ఉన్నది. ఉప్పునీటి తొట్టెలో రేకు డబ్బాలను దింపి, డబ్బాలలోని మంచినీటిని దిమ్మెలుగా గడ్డకట్టిస్తారు. ఆ దిమ్మెలను యంత్రంలో వేసి పొడిచేసి, ఒక వరుస చేప, ఒక వరుస ఐసుగా పెట్టెలు నింపితే, మన బొచ్చె, శీలావతి చేపలు లారీలలో కలకత్తాకూ, అస్సాముకూ చెడకుండా చేరుతాయి. యంత్రం నోటినుంచి తెల్లని పొడి ధారగా రాలుతుంటే చూసేవారికి హిమమనే తోస్తుంది. కాని అది నీరు గడ్డకట్టగా నలిగిన ఐసు. హిమం పుట్టుక వేరు. గాలిలోని నీటి ఆవిరి ద్రవంగా మారకుండానే, అణువు మీద అణువుగా చేరి, ఆరు మూలల స్ఫటికమై పెరిగితే అది హిమం.

కృత్రిమంగా హిమాన్ని చూపే మార్గాలు ఈనాడు అంగడిలో లేకపోలేదు. నీరు పోయగానే తెల్లగా ఉబ్బే పొడి ఒకటి పొట్లాలలో అమ్ముతున్నారు. అది పసిపిల్లల డైపర్లలో తడి పీల్చుకునేందుకు వాడే సోడియం పాలీయాక్రిలేట్ అనే పదార్థం. పెళ్ళి మంటపాలలో వరుడి నెత్తిన కొట్టే నురుగు స్ప్రే మరొకటి. (ఆ వేడుకను గురించి మా అభిప్రాయం ఇక్కడ అప్రస్తుతం.) దుఆలోని మాటకు అర్థం అడిగిన బిడ్డకు నురుగును చూపి ఇదే హిమమని చెప్పడం మా మనసుకు ఒప్పలేదు. హైదరాబాదు లోయర్ ట్యాంక్‌బండ్ వద్ద 2004లో తెరచిన స్నో వరల్డ్‌కు తీసుకువెళ్ళమని బంధువులు సలహా ఇచ్చారు. మంచి సలహాయే. అయితే నలుగురి ప్రయాణం, టిక్కెట్లు, బస లెక్క వేసుకుని, పెరట్లో ఏమైనా సాధ్యమా అని ముందుగా ఆలోచించాము.

మంచు క్రీడల దేశాలలో కొండవాలుపై హిమం చాలనప్పుడు యంత్రంతో కురిపిస్తారు. 1950లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో పియర్స్, హంట్, రిచీ అనే ముగ్గురు, రంగు చల్లే కంప్రెసరును, తోటకు నీరు పట్టే గొట్టాన్ని, ఒక నాజిల్‌ను కలిపి మొదటి యంత్రాన్ని తయారు చేసుకున్నారు. ఆ సామగ్రి ఏదీ మనకు కొత్త కాదు. కార్లకు రంగువేసే షెడ్డులో కంప్రెసరు ఉన్నది, పైరుకు మందుకొట్టే స్ప్రేయరులో నాజిల్ ఉన్నది. మన వద్ద లేనిది గాలి. అంటే ఆ పనికి తగిన గాలి.

దీనికి కారణం కూజా చెబుతుంది. పడమటి పొడిగాలి వీచే మే నెలలో కూజా నీరు గొంతు జివ్వుమనేటంత చల్లబడుతుంది. అదే కూజా, అదే నీరు, వానాకాలంలో ఉన్నచోటనే ఉంటుంది. పైకి ఊరిన తడి ఆవిరైపోతూ వేడిని వెంట తీసుకుపోవాలి. గాలి ముందే తడితో నిండి ఉంటే ఆ ఆవిరికి చోటేది? యంత్రం నుంచి వెలువడిన తుంపర కూడా నేలకు చేరేలోపల ఇట్లాగే వేడిని పోగొట్టుకుని గడ్డకట్టాలి. అందుచేత మంచుయంత్రం నడిపేవారు మామూలు ఉష్ణోగ్రతను మాత్రమే చూసి ఊరుకోరు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపుతున్నదో చూస్తారు. అది సున్నాకు రెండు డిగ్రీలైనా దిగువకు పోవాలి. గాలి బాగా పొడిగా ఉంటే, బయట రెండు మూడు డిగ్రీల వేడి ఉన్నా తడిగుడ్డ అంత దిగువకు పోగలదు.

మేము రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకదాని మొనకు తడి మల్లుగుడ్డ చుట్టి, పెరట్లో కరివేపాకు చెట్టుకు వేలాడదీశాము. జనవరి నెల ఫజర్ వేళ పొడిది 18 డిగ్రీలు, తడిది 17. వాటి మధ్య తేడా ఒక్క డిగ్రీ. అమ్మాయి పది రోజులు పుస్తకంలో వ్రాసింది. తేడా రెండు దాటలేదు. చలికి పేరుపడిన లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా దరిదాపులకు చేరి గడ్డి మీద నూగుమంచు పట్టవచ్చు గాని, మన ఏలూరులో ఏ యంత్రమైనా కురిపించేది తుంపర మాత్రమే.

ఏలూరు తివాచీల నేతను ఈ ఊరికి తెచ్చినవారు పారశీకం నుంచి వచ్చారని పెద్దలు చెబుతారు. ఆ పారశీకంలో ఎడారి అంచున, కరెంటు అనే మాట పుట్టకముందే ఐసు తయారయ్యేది. ఎత్తైన గోడ నీడలో లోతులేని కాలువలు తవ్వి, చలికాలపు రాత్రి నీరు నింపేవారు. పొడి గాలి, మబ్బులేని ఆకాశం కలిసి ఆ నీటి వేడిని లాగివేస్తే తెల్లవారేసరికి పొర కట్టేది. దానిని యఖ్‌చాల్ అనే గుమ్మటపు గోతిలో వేసవిదాకా దాచేవారు. అక్బరు కొలువులో సురేకారంతో నీటిని చల్లబరచేవారని ఆయినె అక్బరీ చెబుతున్నది. ఆ నేతగాళ్ళ వారసులకు ఏలూరులో మగ్గం నిలిచింది గాని యఖ్‌చాల్ నిలవడానికి వీలులేదు. ఇక్కడి గాలికి ఆ గుణం లేదు.

అయితే ఆవిరి నిండిన గాలికి మరొక గుణమున్నది. పలుచని స్టీలు గ్లాసులో మూడు వంతులు నలిపిన ఐసు, ఒక వంతు కల్లుప్పు వేసి కలిపితే, లోపలి చల్లదనం సున్నాకు పది పదిహేను డిగ్రీల దిగువకు పోతుంది. బయటిగోడకు ముందు చెమట పడుతుంది. అది గడ్డకడుతుంది. దాని మీద, చూస్తూండగానే, తెల్లని నూగు లేస్తుంది. గోటితో గీకితే పిండి వలె రాలుతుంది. పొడి దేశాలలో అంత త్వరగా రానిది మా వంటింట్లో పది నిమిషాలలో వచ్చింది. పుట్టుకను బట్టి చూస్తే అది హిమానికి సొంత తోబుట్టువు. కాని అమ్మాయి తృప్తి పడలేదు. "ఇది అంటుకున్నది. సల్జ్ పైనుంచి దిగాలి కదా" అన్నది. ఆమె అన్నది న్యాయమే.

దిగే హిమాన్ని పెట్టెలో చూడవచ్చునని 1946లో తెలిసింది. అమెరికాలోని స్కెనెక్టడీలో, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో పనిచేసే విన్సెంట్ షేఫర్, పైకి తెరచుకునే డీప్ ఫ్రీజరు లోపల నల్ల మఖ్మలు పరచి, అందులోకి ఊపిరి వదలి మబ్బును చేసేవాడు. ఆ మబ్బులోని సూక్ష్మబిందువులు సున్నాకు ఎంతో దిగువకు చేరినా గడ్డకట్టక నీరుగానే నిలిచేవి. ఆ జూలైలో, పెట్టెను మరింత చల్లబరచాలని డ్రై ఐస్ ముక్కను వేయగానే మబ్బంతా మెరిసే స్ఫటికాలతో నిండిపోయింది. మేఘాలలో మందు చల్లి వాన కురిపించే ప్రయత్నాలకు అదే నాంది.

తాడేపల్లిగూడెంలో పిల్లల మామూకు కూల్‌డ్రింకుల దుకాణం ఉన్నది. చలికాలం ఐస్‌క్రీముకు గిరాకీ తగ్గి ఒక ఫ్రీజరు ఖాళీగా పడి ఉంటుంది. దానిని దుకాణం వెనుక పెరట్లో రేకుల పందిరి కిందికి జరిపించాము. లోపల గోడలకు, అడుగున, బుర్ఖాలు కుట్టగా మిగిలిన నల్లగుడ్డను అంటించాము. రాత్రంతా, మరుసటి పగలంతా నడిచాక థర్మామీటరు సున్నాకు దిగువన 18 చూపింది. చల్లగాలి బరువైనది కనుక, మూత తీసినా అడుగుననే ఉంటుంది. డ్రై ఐస్ మాకు దొరకలేదు, దొరికినా పిల్లల చేతికి ఇవ్వతగినది కాదు. గాజుసామాను చుట్టి పంపే బుడగల ప్లాస్టిక్ కవరు ఆ పనికి చాలును. బుడగ పగిలినప్పుడు అందులోని గాలి ఒక్కసారిగా వ్యాకోచించి, క్షణకాలం తీవ్రంగా చల్లబడి, చుట్టునున్న కొన్ని బిందువులను గడ్డకట్టిస్తుంది.

ఇషా నమాజు తర్వాత దీపాలు ఆర్పాము. పిల్లలిద్దరూ వంతులవారీగా ఊపిరి వదిలారు. టార్చి వెలుగులో బూడిదరంగు పొగ అడుగున పరుచుకున్నది. కొల్లేటి మీద ఉదయాన కనిపించేదే, చిన్న కొలతలో. మామూ చేయి లోపలికి పెట్టి ఒక బుడగను చిట్లించాడు. కొన్ని క్షణాలు ఏమీ లేదు. తర్వాత వెలుగుబాటలో ఒక చుక్క మెరిసి మాయమైంది. మరొకటి. ఇక లెక్కకు అందలేదు. తిరుగుతూ, ఆరుతూ, వెలుగుతూ, ఒక్కొక్కటి ఎరుపో నీలమో చిమ్ముతూ, తొందరలేకుండా దిగుతున్నవి. అవి పెరుగుతున్నకొద్దీ పొగ పలుచబడింది. బిందువులు ఆవిరై, ఆ ఆవిరి స్ఫటికాలకు చేరుతున్నది. ఒక మంచు తరిగి మరొక మంచు అవుతున్నది. రెంటినీ ఒక్క పేరుతో పిలిచే తెలుగు మీద మాకు ఆ రాత్రి కోపం రాలేదు.

చిన్నవాడు చేయి చాపాడు. వాడి వేలు తాకకముందే, ఆ వేడికే అవి లేకుండా పోయాయి. అమ్మాయి మాట్లాడలేదు. మామూ మాత్రం సుబ్‌హానల్లాహ్ అన్నాడు.

కొండలపై యంత్రాలు కురిపించేవి గడ్డకట్టిన నీటిగుండ్లు. గూడెంలో, అరువు తెచ్చుకున్న ఫ్రీజరులో, కంటికి ఆకారమైనా అందని ఆ రేణువులు ఆవిరి నుంచి పెరిగినవి. మేము చేసినది చలిని ఒకచోట నిలపడం మాత్రమే. ఆరు మూలలను ఎవరూ చెక్కలేదు. మబ్బులను మెల్లగా నడిపి, కలిపి, పొరలుగా పేర్చేది తానేనని అల్లాహ్ సూరహ్ అన్-నూర్‌లో తెలిపిన ఆయతును మరుసటి ఉదయం పిల్లలతో కలిసి చదివాము.

దుఆలో హిమాన్ని ఎందుకు ప్రస్తావించారన్న విషయమై ఇమామ్ ఖత్తాబీ చెప్పిన మాట ఒకటి ఉన్నది. హిమమూ వడగళ్ళూ ఇంకా ఏ చేయీ తగలని, ఏ వాడుకా సోకని నీళ్ళు, కనుకనే శుద్ధికి వాటిని పేర్కొనడం అని. మురికి వదలడానికి వేడినీరు మేలు కదా, చల్లనివి ఎందుకు అని ఇబ్నె ఖయ్యిం తన గురువు ఇబ్నె తైమియాను అడిగారు. పాపం హృదయంలో వేడిని రగిలిస్తుంది, దానికి కడగడంతోపాటు చల్లార్చడం కూడా కావాలన్నది ఆయన సమాధానపు భావం. ఈ రెండు వివరణలూ మేము చాలాకాలం క్రితమే చదివినవి. చిన్నవాడి వేలికి అందకుండా పోయిన రేణువులను చూసిన తర్వాత మొదటిది మరొకలా వినిపించింది. రెండవది మే నెలలో ఏలూరులో ఉన్నవారికి వేరే చెప్పాలా?

అమ్మాయికి ఇప్పుడు పెద్ద స్ఫటికం కావాలి. జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉకిచిరో నకాయా 1936లో, కుందేలు వెంట్రుక కొనన, ప్రయోగశాలలో తొలి హిమస్ఫటికాన్ని పెంచాడని ఆమెకు చెప్పాము. కుందేలు వెంట్రుక కోసం వెదకవలసిన పని లేదనీ, కొల్లేటి వలల సన్నని నైలాను దారం చాలుననీ ఆమె అభిప్రాయం. కైకలూరు నుంచి మూరెడు దారం తెప్పించుకున్నది. ఈలోగా ఫిబ్రవరి వచ్చి ఎండ ముదరడంతో, మామూ నల్లగుడ్డ ఊడదీసి ఫ్రీజరులో ఐస్‌క్రీము డబ్బాలు సర్దుకున్నాడు. దారం ఆమె లెక్కల పుస్తకంలో, థర్మామీటరు అంకెలు వ్రాసిన పేజీల మధ్య ఉన్నది.