చేమ మడుగులో డోడోలు

మారిషస్‌లో విమానం దిగినవాళ్లంతా బీచ్‌లకే పరుగులు తీస్తారు. విమానాశ్రయానికి దగ్గర్లోనే ఓ చిత్తడి నేల ఉంది... పేరు మార్ ఓ సోంజ్. మన భాషలో చేమ మడుగు! మ్యూజియాల్లోని డోడో ఎముకల్లో చాలావరకూ ఇక్కడివే.

1598లో డచ్చివాళ్లు దిగిన వందేళ్లలోపే ఆ ఎగరలేని పక్షి అంతరించింది. మిగిలినవి కొన్ని బొమ్మలూ, ఏవో నాలుగు ముక్కలూ. 1865లో జార్జ్ క్లార్క్ అనే స్కూలు మాస్టారు కూలీలను ఈ మడుగులోకి దింపాడు. మూడడుగుల నీళ్లలో వాళ్లు ఒట్టికాళ్లతో బురదను తడిమితే... డోడో కాలి ఎముక తగిలింది! వరినాట్లు వేసిన కాళ్లకు అదేమంత కొత్త పనని?

అప్పటికే చెరకు తోటల్లో పనికి మన దేశం నుంచి వేలమంది అక్కడికి చేరారు. కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగువాళ్లనైతే 'కొరింగీలు' అనేవారు. ఎముకలు లండన్ చేరాయి. 1866లో రిచర్డ్ ఓవెన్ వాటిపై పుస్తకమే రాశాడు. బురదలో దిగినవాళ్లు మాత్రం చరిత్రలో ఉత్త 'కూలీలు'. ఏ ఊరివాళ్లో, ఏ భాషవాళ్లో!

మలేరియా భయంతో 1940ల్లో మడుగును రాళ్లతో పూడ్చేశారు. 2005లో శాస్త్రవేత్తలు తవ్వితే మళ్లీ బయటపడ్డాయి... నాలుగు వేల ఏళ్లనాటి డోడోలూ, పెద్ద పెద్ద తాబేళ్లూ. కరవు కాలంలో గుక్కెడు నీళ్లకోసం వచ్చి, అక్కడే చనిపోయాయట.