కడియంలో మరణం లేని వీరుడు

కడియం వెళ్ళారా ఎప్పుడైనా? లేదంటారా? పోనీ, చూశారా? చూసే ఉంటారు లెండి! హీరో హీరోయిన్లు పూలమొక్కల మధ్య పరుగులు పెట్టే పాటలు ఎన్ని చూశారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వాటిల్లో ఏదో ఒకదాంట్లో కడియం నర్సరీ తగిలే ఉంటుంది. మీరు హీరోయిన్‌ని చూస్తూ పూలని పట్టించుకోలేదు, అంతే!

రాజమండ్రిలో ఆటో ఎక్కి హైవే పట్టుకున్నాను. వేమగిరి దాటాక రోడ్డు వాలకమే మారిపోతుంది. అటూ ఇటూ నర్సరీలే. కడియపులంక, కడియపు సావరం, బుర్రిలంక, వీరవరం... బోర్డు మీద ఊరి పేరు మారుతుంది గాని మొక్కల వరస తెగదు. గులాబీలు, మందారాలు, క్రోటన్లు, కుండీలో కూర్చున్న మర్రిచెట్లు, లారీ ఎక్కడానికి సిద్ధంగా నిలబడ్డ తాటిజాతి మొక్కలు. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలవల్లో పారిన గోదావరి నీళ్ళు ఈ నేలకి తల్లిపాలు. తెల్లారకముందే పూల మార్కెట్లో బంతీ చేమంతీ బేరాలు మొదలవుతాయి. ఆ వేళకి వెళ్తే ముక్కు చెప్పిన చోటికి కాళ్ళు నడుస్తాయి.

అయితే ఈసారి నేను పూలకోసం వెళ్ళలేదు. రెండు పనుల మీద వెళ్ళాను. ఒకటి, ఒక వీడియో గేము ఆడటం. రెండోది, ఒక పెద్దాయన్ని ఆయన నర్సరీ అమ్మేయమని ఒప్పించటం!

నవ్వకండి. మొదటిదాని సంగతి ముందు చెబుతాను.

రాజమండ్రిలో డిగ్రీ చదివే రోజుల్లో నాకో స్నేహితుడుండేవాడు. కడియం కుర్రాడు. 2012లో వాళ్ళ మేనమామ విదేశం నుంచి ఐప్యాడ్ పట్టుకొచ్చి ఇచ్చాడు. అందులో ఉండేది ఆ గేము, 'ఇన్ఫినిటీ బ్లేడ్' రెండో భాగం. ఆదివారం వచ్చిందంటే మేమిద్దరం కడియంలో వాళ్ళ అరుగు మీదే. మాటినీకి పోవాల్సిన డబ్బులు అలా ఎంత మిగిలాయో చెప్పలేను!

అమెరికాలో యూటా రాష్ట్రంలోని చెయిర్ అనే కంపెనీ, ఎపిక్ గేమ్స్ వాళ్ళ అండతో ఈ ఆట తయారుచేసింది. మొదటి భాగం 2010 డిసెంబర్ 9న వచ్చింది. దాని కథ అచ్చం మన జానపద చిత్రమే. కోటలో చావులేని రాజు. వాణ్ణి చంపడానికి ఒక వీరుడు కత్తి పుచ్చుకుని వస్తాడు, చచ్చిపోతాడు. కొన్నేళ్ళకి వాడి కొడుకొస్తాడు, తండ్రి పగ తీర్చడానికి. వాడూ చస్తాడు. తర్వాత వాడి కొడుకు! తండ్రి నేర్చిన విద్య కొడుక్కి వస్తుంది గనక ప్రతి తరమూ కాస్త బలపడుతుంది. చివరికి ఎవడో ఒకడు రాజుని పడగొడతాడు.

రెండో భాగం ఏడాది తిరక్కుండానే, 2011 డిసెంబర్ 1న దిగింది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడో తెలుసుకోవడానికి 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఆగిన వాళ్ళం మనం. అంత తొందరగా రెండో భాగం వస్తే అనుమానమే కదా! అదేం చిత్రమో, అది బాగుంది. కథానాయకుడి పేరు సిరిస్. ఇందులో తేలేదేమిటంటే, ఇతగాడూ మరణం లేనివాళ్ళలో ఒకడే. యుద్ధంలో చచ్చిపోతే కొడుకు రాడు. తనే మళ్ళీ కళ్ళు తెరుస్తాడు. మొదటి భాగం వంశం కథ అయితే, రెండోది పునర్జన్మ కథ. 'మూగ మనసులు', 'మగధీర' చూసిన మనకి పునర్జన్మ కొత్తా? అందులోనూ గోదావరి ఒడ్డున కూర్చుని ఆడేవాళ్ళకి!

ఇప్పుడా ఆట కొందామంటే దొరకదు. 2018 డిసెంబర్ 10న మూడు భాగాలనూ అమ్మకం నుంచి తీసేశారు. అంతకు ముందు కొనుక్కున్నవాళ్ళకే దక్కింది. అందుకే ఆ పాత ఐప్యాడ్‌ని వెతుక్కుంటూ కడియం వెళ్ళాను.

ఇక రెండో పని. మా వాడిప్పుడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగి. తల్లి పోయాక తండ్రి ఒక్కరే ఇక్కడ. "నర్సరీ అమ్మేసి నా దగ్గరికి వచ్చేయమంటే వినడంలేదురా. నువ్వు చెబితే వింటారు. వెళ్తున్నావుగా, కాస్త మాట్లాడు" అన్నాడు ఫోన్లో. సరేనన్నాను. ఒప్పుకోవటం ఎంతసేపు!

"రా బాబూ, రా! చిక్కిపోయావేంటి?" అంటూ ఎదురొచ్చారు బాబాయిగారు. నేను గతేడాది కంటే ఆరు కేజీలు పెరిగాను! బీరువాలోంచి చీరముక్కలో చుట్టిన ఐప్యాడ్ తీసిచ్చారు. వెడల్పు మూతి చార్జరు, ఆ కాలందే, దానికి చుట్టబెట్టి ఉంది. గంటసేపు చార్జింగ్ పెడితే పన్నెండు శాతం ఎక్కింది. వైరు పీకితే ఆరిపోతుంది. మొత్తానికి వైరు పెట్టే ఉంచి, గోడవార కూర్చుని మొదలెట్టాను.

ముందు బాగున్నవి చెబుతాను. బొమ్మ! పదేళ్ళు దాటిపోయినా కళ్ళు తిప్పుకోలేం. గోడల సందుల్లోంచి పడే ఎండ, నేలమీద కదిలే నీడలు... మన పాత జానపదాల్లో కోట సెట్టు వేసిన కళాదర్శకులు చూస్తే మురిసిపోయేవారు. ఇక పోరాటం. మొత్తం ఒక్క వేలితోనే. శత్రువు కత్తి ఎటునుంచి వస్తుందో చూసి పక్కకి తప్పుకోవాలి, లేదా డాలు అడ్డుపెట్టాలి, లేదా వాడి కత్తికి ఎదురుగా వేలు గీసి దెబ్బకి దెబ్బ కొట్టాలి. మంత్రం వెయ్యాలంటే తెరమీద దాని గుర్తు గీయాలి. మొదటి భాగంలో కత్తీ డాలే. రెండోదాంట్లో మరో రెండు పద్ధతులు చేర్చారు. బరువైన పెద్ద ఆయుధం పడితే తప్పుకోవడం కుదరదు, అడ్డుకోవడమే. రెండు చేతులా రెండు కత్తులు పడితే డాలు ఉండదు, తప్పుకుంటూ, వంగుంటూ బతకాలి. అంటే ఒకే ఫైటింగుని మూడు రకాలుగా చెయ్యొచ్చు. పైగా ఒక కత్తి విద్య పూర్తిగా వచ్చేశాక దానివల్ల ఇక అనుభవం పెరగదు. కొత్త కత్తి పట్టాల్సిందే. 'నాకిదే అచ్చొచ్చింది' అని కూర్చుంటే కుదరదన్నమాట. ఉంగరాల్లో, కవచాల్లో పొదగడానికి రత్నాలు కూడా ఇచ్చారు.

బాబాయిగారు కళ్ళజోడు సవరించుకుని పక్కన కూర్చున్నారు. మూడోసారి నేను చచ్చి లేచేసరికి అడిగారు.

"ఇతను ఇందాకటి అతని కొడుకాండీ?"

పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని కూడా 'అండీ' అనే ఊరది.

"కాదండి బాబాయ్‌గారూ. ఇతనే అతను. మొదటి ఆటలో కొడుకొచ్చేవాడు. ఇందులో తనే మళ్ళీ లేస్తాడు."

"ఓహో! అది విత్తు మొక్క, ఇది గాలి అంటు!" అన్నారు.

నాకు అర్థం కాలేదు. లేచి రమ్మని తోటలోకి తీసుకెళ్ళారు. జామచెట్టు దగ్గర నిలబెట్టి చూపించారు. కొమ్మ మీద వేలెడు మేర బెరడు చుట్టూ తీసేసి, తడి నాచు పెట్టి, ప్లాస్టిక్ కాగితం చుట్టి కట్టారు. కొన్ని వారాలకి ఆ నాచులోకి వేళ్ళు వస్తాయి. అప్పుడు కింద కోసి కుండీలో పెడితే, అదీ గాలి అంటు. అది జామచెట్టుకి పిల్ల అనుకుంటాం గాని, నిజానికి అదే చెట్టు. అదే కాయ, అదే రుచి. కాపు కూడా తొందరగా వస్తుంది. కొన్నవాడికి మోసం ఉండదు.

"మరి విత్తు పెడితేనండీ?"

"బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు బాబూ. ఏదొస్తుందో ఎవడు చెప్పగలడు? కాపుకీ ఏళ్ళు పడుతుంది." కాస్త ఆగారు. "కాకపోతే ఒకటి. విత్తు మొక్కకి తల్లివేరు దిగుతుంది. గాలి అంటుకి అది ఉండదు. తొంభై ఆరు తుఫానుకి తెల్లారి లేచి చూస్తే మా జామ అంట్లు చాలామటుకు పడుకున్నాయి. ఆ మూల టెంక చింత మాత్రం నిలబడింది."

ఆ మాటతో నా వ్యాసం సగం తేలిపోయింది. ఇన్ఫినిటీ బ్లేడ్ రెండో భాగానికున్న లోపాలన్నీ తల్లివేరు లేకపోవటంలోనే ఉన్నాయి.

చూడండి. మొదటి భాగానికీ రెండోదానికీ మధ్య జరిగిన కథని బ్రాండన్ శాండర్సన్ అనే రచయిత చేత విడిగా చిన్న నవలగా రాయించారు. అది చదవనివాడికి సిరిస్ ఎవరో, వెంట ఉన్న ఆ పిల్ల ఐసా ఎవరో చప్పున అందదు. సినిమా హాల్లో కూర్చున్నవాణ్ణి, 'సెకండాఫ్ అర్థం కావాలంటే బయట పుస్తకం కొనుక్కోండి' అన్నట్టుంది! నడక కూడా మన చేతిలో లేదు. తెరమీద వాళ్ళు చూపిన చోట వేలు పెడితే హీరో అక్కడికి నడుస్తాడు. కోటంతా కళ్ళముందు ఊరిస్తుంది, ఆ పక్క సందులోకి తొంగి చూద్దామంటే వీల్లేదు. చచ్చి లేచిన ప్రతిసారీ అదే దారి, అవే గుమ్మాలు. నాలుగోసారికి ఆవులింత. మంచి కత్తి కొనాలంటే బంగారం కావాలి. దానికోసం కొట్టినవాళ్ళనే మళ్ళీ కొట్టాలి. అంత ఓపిక లేకపోతే అసలు డబ్బు పెట్టి ఆ ఉత్తుత్తి బంగారం కొనుక్కోవచ్చు! డబ్బు పెట్టి ఆట కొన్నవాడి దగ్గర మళ్ళీ చెయ్యి చాచటం నాకప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చలేదు.

అన్నిటికంటే పెద్ద లోపం, దుకాణంలోంచి తీసేశారంటే ఇక లేదు. మూగ మనసులు 1964 నాటిది. రీలు అరిగినా ఇవాళ కూర్చుని చూస్తున్నాం. ఈ ఆట వయసు దాంట్లో నాలుగో వంతు కూడా లేదు. అప్పుడే బీరువాలో చీరముక్కలో దాక్కుంది.

మరి బాగుందా బాగాలేదా అంటారా? బాగుంది. మొదటి ఆట ఇష్టపడ్డవాడికి అదే కాయ, అదే రుచి, ఇంకాస్త పెద్ద సైజులో. కొత్త చెట్టు కోరుకున్నవాడికి మాత్రం ఇది చాలదు.

మధ్యాహ్నం మామిడికాయ పప్పు, వడియాలు, గడ్డపెరుగు. తిన్నాక మళ్ళీ కూర్చున్నాను. సాయంత్రానికి క్లైమాక్స్. ఈ భాగం మొత్తం సిరిస్ పని ఒకటే. రహస్యాల పనివాడనే ఒకాయన చెరసాలలో ఉంటాడు. ఆయన్ని విడిపిస్తే మరణం లేనివాళ్ళని మట్టుబెట్టే దారి చెబుతాడని ఆశ. ఇంతా కష్టపడి తలుపు తీస్తే, ఆ పెద్దమనిషి బయటికొచ్చి, మనవాణ్ణి లోపలపెట్టి తాళం వేస్తాడు! అక్కడితో కథ ఆగిపోతుంది. మిగతాదానికి 2013 సెప్టెంబర్ 18న మూడో భాగం వచ్చేదాకా ఆగాల్సొచ్చింది.

బాబాయిగారు పకపకా నవ్వారు.

"విడిపించడానికి వెళ్ళి తనే ఇరుక్కున్నాడా! మావాడూ అంతే నాయనా. నన్ను ఇక్కణ్ణించి విడిపిస్తానంటాడు. విడిపించి ఎందులో పెడతాడు? అయిదో అంతస్తులో పెడతాడు. మట్టి ముట్టుకోవాలంటే లిఫ్టు దిగాలి!"

నేను నోరు తెరిచాను, స్నేహితుడి మాట చెప్పడానికే. ఆయనే చెయ్యి అడ్డం పెట్టారు.

"నువ్వెందుకొచ్చావో నాకు తెలుసులే. వాడు నిన్ననే ఫోన్లో నసిగాడు. వాడి మీద నాకేం కోపం లేదు. వాడు విత్తు మొక్క. నా కాయ కాయమంటే ఎలా కాస్తాడు? వాడి వేరు వాడు దింపుకున్నాడు. నేనంటావా, ఈ వయసులో నన్ను కోసి కుండీలో పెడితే బతకను. అంత మాత్రం చెప్పు."

ఇంకేం ఒప్పించను? 'ఆయ్' అన్నాను, ఆ ఊరి మాటే.

చీకటిపడేవేళ బయల్దేరాను. ఐప్యాడ్ మళ్ళీ చీరముక్కలోకి, బీరువాలోకి వెళ్ళిపోయింది. చేతిలో రెండు కుండీలు పెట్టారు. ఒకటి జామ గాలి అంటు, నాకట. రెండోది జానెడు మామిడి మొక్క, టెంక పెట్టి మొలిపించింది, అబ్బాయికట.

"ఏ కాయ కాస్తుందో చెప్పలేనని చెప్పు. కాసినప్పుడు నాకో రెండు పంపమను."

ఆ మొక్క మొన్న హైదరాబాదు చేరింది. మావాడు దాన్ని చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయిదో అంతస్తులో మామిడిచెట్టు ఎక్కడ పెడతానురా?" అన్నాడు. అంతలోనే సంక్రాంతికి రైలు టికెట్లు దొరుకుతాయో లేదో చూడమన్నాడు. పిల్లాణ్ణి కూడా తీసుకెళ్తాడట. తాతగారి దగ్గర మొక్క నాటించడానికని చెబుతున్నాడు గాని, ఆ బీరువాలో ఏముందో వాడికి తెలీదా? చార్జరు మాత్రం జాగ్రత్తగా పెట్టమని నాన్నగారికి అప్పుడే ఫోన్ చేశాడు!