శ్రుతి పెట్టెకి యూరప్ వేసిన రెండు ప్రశ్నలు

సంగీతం క్లాసుకి వెళ్ళినవాళ్ళకి శ్రుతి పెట్టె తెలిసే ఉంటుంది. టీచర్ పక్కన కూర్చుని ‘సా... పా... సా...’ అని ఆగకుండా మోగే చిన్న డబ్బా. ఇప్పుడు ఆ పనికి ఫోన్‌లో బోలెడు యాప్‌లు ఉన్నాయి. అయినా విజయవాడలో మా మావయ్య ఇంకా ఆ డబ్బాలే తయారుచేస్తాడు. రెండు గదుల వర్క్‌షాప్. ఆయనతో కలిపి ఆరుగురు మనుషులు.

పోయినేడాది జర్మనీలోని ఒక సంగీత వాద్యాల షాపు నుంచి 120 పెట్టెలకి ఆర్డర్ వచ్చింది. అక్కడ మనవాళ్ళ పిల్లలు కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నారు కదా, టీచర్లు అడుగుతున్నారట. మావయ్య నాలుగు నెలల్లో అమ్మే సరుకు ఒక్క ఆర్డర్‌లో! యాప్‌ల దెబ్బకి ‘ఇంక మూసేద్దాం’ అనుకుంటున్న మనిషికి ఇది ఊపిరి పోసినట్టే. వెంటనే నాకు ఫోన్. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. మా ఇంట్లో లెక్క ప్రకారం కంప్యూటర్ తెలిసినవాడికి వీసా ఫారం నుంచి గ్యాస్ బుకింగ్ దాకా అన్నీ తెలిసి తీరాలి. ఎక్స్‌పోర్ట్ కూడా అందులో చేరిపోయింది.

పాడేవాళ్ళకి ఆ పెట్టెలో శ్రుతి కనపడుతుంది. పంపేవాళ్ళకి మాత్రం అందులో రెండు వస్తువులు కనపడాలి. ఒకటి లిథియం అయాన్ సెల్. రెండోది స్పీకర్, అంటే దాని వెనకాల ఉండే అయస్కాంతం. ఈ రెండూ ఉన్న సరుకు యూరప్ వెళ్ళాలంటే రెండు గేట్లు దాటాలి. చాలామంది కస్టమ్స్ అంటే ఒకటే గేటు అనుకుంటారు. మొదటి గేటు విమానానిది. ‘దీన్ని ఎక్కించుకుంటే నాకేమైనా ప్రమాదమా?’ అని అడుగుతుంది. రెండోది యూరప్ కస్టమ్స్‌ది. ‘ఇది ఏంటి, ఎవరికి, ఎంత విలువ, మా దగ్గర అమ్మొచ్చా?’ అని అడుగుతుంది. మొదటిదాని జవాబు రెండోదానికి పనికిరాదు.

“బ్యాటరీ మాట ఎత్తకండి”

మేం మొదట మాట్లాడిన బుకింగ్ ఏజెంట్ చాలా తేలిగ్గా తేల్చేశాడు. “ఇన్వాయిస్‌లో ఎలక్ట్రానిక్ ఐటమ్స్ అని రాసేయండి సార్. బ్యాటరీ మాట ఎత్తకండి. రేటు తగ్గుతుంది, రోజులూ తగ్గుతాయి. అందరూ చేసేదే” అన్నాడు. ఆ తగ్గే రేటు మావయ్యకి చిన్న మొత్తం కాదు. ఒక మనిషి నెల జీతం కన్నా ఎక్కువ.

“చిన్న సెల్లే కదా అల్లుడూ! ఫోన్లో ఉండేలాంటిదే కదా. దీనికింత గొడవెందుకు?” అన్నాడు మావయ్య.

ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. జవాబుగా నేను రూల్ చెప్పలేదు, జరిగిన సంగతి చెప్పా.

2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి ఒక యూపీఎస్ కార్గో విమానం బయల్దేరింది. బోయింగ్ 747. వెళ్ళాల్సింది జర్మనీలోని కొలోన్‌కి. గాల్లోకి లేచిన కాసేపటికి సరుకులో మంటలు లేచాయి. కాక్‌పిట్ నిండా పొగ. ఎదురుగా ఉన్న మీటర్లు కూడా పైలట్లకి కనపడలేదు. దుబాయ్‌కి తిరిగి రావాలని చూశారు కానీ విమానం కూలిపోయింది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. ఆ విమానంలో 81 వేలకి పైగా లిథియం బ్యాటరీలు ఉన్నాయని దర్యాప్తులో తేలింది. ప్రమాదకరమైన సరుకు ఉన్నట్టు కాగితాల్లో ఎక్కడా లేదు. కానీ కనీసం మూడు పార్సిళ్ళలో ఆ కోవకి వచ్చే బ్యాటరీ ప్యాక్‌లు ఉన్నాయి.

లిథియం సెల్‌తో చిక్కు ఏంటంటే, లోపల షార్ట్ అయితే దానంతట అదే వేడెక్కుతుంది. ఆ వేడి పక్క సెల్‌కి అంటుకుంటుంది, అది ఇంకోదానికి. పైకి కనపడే మంట ఆరినా లోపల ఈ వరస ఆగదు. నేల మీదైతే బయటికి పరిగెత్తొచ్చు. ఆకాశంలో ఎక్కడికి పోతాం?

మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “ఆ ఏజెంట్ వద్దులే. రాసేదేదో ఉన్నదున్నట్టు రాద్దాం” అన్నాడు.

లోపల ఉంటే ఒక నంబర్, బయట ఉంటే ఒక నంబర్

ఉన్నదున్నట్టు రాయాలంటే ముందు ఉన్నదేంటో తెలియాలి. మావయ్య పెట్టెలో ఒకటే సెల్, 18650 సైజు. 3.7 వోల్టులు, 2600 ఎంఏహెచ్. వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. 3.7 ఇంటూ 2.6, అంటే 9.62. ఒక్కో సెల్ 20 వాట్ అవర్లు దాటకపోతే విమానం రూల్స్ కాస్త తేలిగ్గా ఉంటాయి. మేం ఆ గీతకి లోపలే ఉన్నాం.

పరికరం లోపల ఉన్న లిథియం అయాన్ బ్యాటరీకి యూఎన్ 3481 అనే నంబర్. విడిగా పంపితే అదే బ్యాటరీ యూఎన్ 3480 అవుతుంది. ఒక్క అంకె తేడాయే అనిపిస్తుంది గానీ దారే మారిపోతుంది. విడి లిథియం అయాన్ బ్యాటరీల్ని 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపనివ్వరు. కార్గో విమానంలోనైనా చార్జింగ్ 30 శాతానికి మించకూడదు.

ఇది మాకెందుకు పట్టిందంటే, ఆ షాపువాళ్ళు పెట్టెలతో పాటు 60 విడి సెల్స్ కూడా అడిగారు. వాటికోసం వేరే బుకింగ్, వేరే ప్యాకింగ్, వేరే కాగితాలు. ఖర్చు చూస్తే సెల్స్ ధర కన్నా ఎక్కువ. అందుకని వాళ్ళకి మెయిల్ పెట్టాం: ఇది మామూలుగా దొరికే సైజే, ఈ లెక్కలున్న సెల్ మీ దగ్గరే కొనుక్కోండి అని. ఒప్పుకున్నారు.

అసలు కష్టం సెల్ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. ప్రతి రకం లిథియం సెల్ యూఎన్ 38.3 అనే పరీక్షలు పాసవ్వాలి. ఎత్తులో గాలి పీడనం తగ్గితే ఏమవుతుంది, వేడి చలి మారితే, ఊపితే, కుదిపితే, షార్ట్ చేస్తే... ఇలాంటివి. ఆ పరీక్షల సారాంశం ఉన్న కాగితాన్ని అడిగినవాళ్ళకి ఇవ్వాలని 2020 జనవరి 1 నుంచి రూల్. మావయ్య ఏళ్ళ తరబడి సెల్స్ కొంటున్న వ్యాపారిని అడిగితే, “ఏదో ఒక పీడీఎఫ్ పంపిస్తాలెండి” అన్నాడు. ఆ ‘ఏదో ఒక’ దగ్గరే మాకు భయమేసింది. సరైన కాగితం ఉన్న సెల్స్ వేరేచోట దొరికాయి, ధర దాదాపు రెట్టింపు. 120 సెల్స్ కొత్తవి కొన్నాం. పాతవి లోకల్ ఆర్డర్లకి వాడతావా అని అడిగితే, “అక్కడి పిల్లలకి ఒకటీ, ఇక్కడి పిల్లలకి ఒకటా?” అని నా మీదే విసుక్కున్నాడు.

ఇంకో చిన్న పని కూడా ఉంది. దారిలో పెట్టె దానంతట అది ఆన్ అవకూడదు. విమానం సరుకు గదిలో పది పెట్టెలు కలిసి శ్రుతి పడుతుంటే వినడానికి బాగుంటుందేమో గానీ, వేడెక్కుతాయి. సెల్‌కీ రేకుకీ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టాం. కొన్నవాళ్ళు దాన్ని లాగేస్తేనే మోగుతుంది. అట్టపెట్టెల మీద ఎర్ర చారల అంచు ఉన్న బ్యాటరీ గుర్తు అంటించి, కింద యూఎన్ 3481 అని రాశాం.

రెండు మీటర్ల దూరంలో అయస్కాంతం

స్పీకర్‌ని మనం అయస్కాంతం అనుకోం. విమానం అనుకుంటుంది. దిక్సూచి మీద ప్రభావం పడుతుందని దాని భయం. అందుకే ప్యాక్ చేసిన పెట్టెకి 2.1 మీటర్ల దూరంలో అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తారు. 0.002 గాస్ దాటకపోతే మామూలు సరుకే. దాటితే యూఎన్ 2807 కింద ప్రమాదకరమైన సరుకుల జాబితాలోకి పోతుంది. భూమి అయస్కాంత క్షేత్రం సుమారు అర గాస్ ఉంటుంది. అందులో దాదాపు 250వ వంతు అన్నమాట.

ఫోన్‌లో మ్యాగ్నెటోమీటర్ ఉంది కదా, యాప్‌తో కొలిచేద్దాం అని మీకు అనిపించొచ్చు. అంత సన్నటి తేడాని ఫోన్ నమ్మకంగా పట్టుకోలేదు. గది గోడలో ఉన్న ఇనప చువ్వ కూడా లెక్క మార్చేస్తుంది. మేం రెండోసారి వెతుక్కున్న ఏజెంట్ ఒక ల్యాబ్‌లో సరైన మీటర్‌తో కొలిపించాడు. దానికి ముందే ప్యాకింగ్‌లో ఒక వరస స్పీకర్లు ఇటు, ఇంకో వరస అటు చూసేలా పెట్టాం. ఎదురెదురుగా ఉంటే ఒకదాని ప్రభావాన్ని ఇంకోటి చాలావరకు తగ్గిస్తుంది. రిపోర్ట్ మామూలు సరుకనే వచ్చింది.

శ్రుతి అంటే ఏంటండీ?

రెండో గేటు దగ్గర సమస్య భాషది. ‘శ్రుతి బాక్స్’ అని రాస్తే జర్మనీ కస్టమ్స్ అధికారికి ఏం అర్థమవుతుంది? అది వాద్యమా, స్పీకరా, బ్యాటరీయా? దీన్ని తేల్చేది హెచ్‌ఎస్ కోడ్. విడి లిథియం అయాన్ బ్యాటరీలైతే 8507, విడి అయస్కాంతాలైతే 8505. కరెంటుతో ధ్వని పుట్టించే వాద్యాలకి 9207. మాది వాద్యమే కాబట్టి 9207 వేశాం. సుంకం ఎంతో ఆ కోడ్‌ని బట్టే ఉంటుంది.

విమానంలో వచ్చే సరుకు వివరాల్ని యూరప్ ముందే తెప్పించుకుంటుంది. ఐసీఎస్2 అని దానికో సిస్టమ్ ఉంది. 2023 మార్చి 1 నుంచి విమాన కార్గో అంతటికీ వర్తిస్తోంది. ‘ఎలక్ట్రానిక్స్’, ‘పార్ట్స్’ లాంటి డొంకతిరుగుడు మాటలు అందులో చెల్లవు. మొదటి ఏజెంట్ చెప్పినట్టు ‘ఎలక్ట్రానిక్ ఐటమ్స్’ అని రాసుంటే అక్కడే ఆగేది. మేం మాత్రం ‘లోపల లిథియం అయాన్ బ్యాటరీ ఉన్న, ఆగకుండా ఒకే శ్రుతి పలికే ఎలక్ట్రానిక్ సంగీత వాద్యం’ అని రాశాం. పొడుగ్గా ఉంది, కానీ తెలియనివాళ్ళకి కూడా తెలుస్తుంది.

షాపువాళ్ళు మొదట ‘డీడీపీ’ అడిగారు. అంటే అక్కడి సుంకం, పన్ను అన్నీ మనమే కట్టి తలుపు దగ్గర ఇవ్వాలి. వినడానికి సులువే. కానీ అక్కడ దిగుమతి డిక్లరేషన్ వేయాల్సినవాళ్ళకి మామూలుగా యూరోపియన్ యూనియన్‌లో చిరునామా ఉండాలి. మనకేముంది? అందుకే ‘డీఏపీ’ అన్నాం. సరుకు అక్కడిదాకా మా బాధ్యత, దిగుమతిదారు వాళ్ళు. వాళ్ళ ఈఓఆర్ఐ నంబర్ ఇన్వాయిస్‌లో వేశాం. 19 శాతం వ్యాట్ వాళ్ళే కట్టుకున్నారు.

ఇక బ్యాటరీల మీద యూరప్‌కి ప్రత్యేకంగా ఒక చట్టమే ఉంది, నంబర్ 2023/1542. 2024 ఆగస్ట్ 18 నుంచి బ్యాటరీలకి కూడా సీఈ గుర్తు ఉండాలి. కొట్టేసిన చెత్తబుట్ట బొమ్మ కూడా ఉండాలి, మామూలు చెత్తలో పడేయొద్దని. పరికరం లోపల దాగి ఉన్న బ్యాటరీకీ ఇదే రూల్. రెట్టింపు ధర పెట్టి కొన్న సెల్స్‌కి ఈ కాగితాలూ ఉన్నాయి.

ఇంత చేసినా సరుకు జర్మనీలో నాలుగు రోజులు ఆగింది. ట్రాకింగ్ పేజీలో ‘క్లియరెన్స్’ అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. మావయ్య రోజుకి ఆరుసార్లు ఫోన్ చేశాడు. షాపువాళ్ళు డబ్బు సగమే ఇచ్చారు, మిగతాది సరుకు చేతికొచ్చాకే. ఈ నెల జీతాలు దాని మీదే ఉన్నాయి. మూడో రోజు షాపు నుంచి మెయిల్: కస్టమ్స్‌వాళ్ళు ఇది ఎలా పనిచేస్తుందో, లోపలి బ్యాటరీ ఏదో అడుగుతున్నారు. పరీక్షల సారాంశం, సీఈ కాగితం, పెట్టె తెరిచి తీసిన ఫొటోలు, మావయ్య స్వయంగా శ్రుతి పెట్టి చూపించిన అర నిమిషం వీడియో, అన్నీ ఆ రాత్రే పంపాం. మర్నాడు వదిలేశారు.

ఏపీఐలు రాసేవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. అవతలి సిస్టమ్‌కి మన కోడ్ కనపడదు, మనం పంపిన డేటా ఒక్కటే కనపడుతుంది. గేటు దగ్గర కూర్చున్న మనిషికి మావయ్య మంచితనం కనపడదు. ముప్పై ఏళ్ళుగా ఎంత జాగ్రత్తగా సోల్డరింగ్ చేస్తున్నాడో కనపడదు. కాగితంలో ఉన్నదే కనపడుతుంది. మీ ఇంట్లోనో మీ ఊళ్ళోనో ఇలాంటి చిన్న వర్క్‌షాప్ ఉంటే, యూరప్ ఆర్డర్ ఒప్పుకునే ముందే ఈ నాలుగూ అడిగి పెట్టుకోండి: సెల్‌కి యూఎన్ 38.3 సారాంశం ఉందా, బ్యాటరీ మీద సీఈ గుర్తు ఉందా, హెచ్‌ఎస్ కోడ్ ఏంటి, అక్కడ దిగుమతిదారు ఎవరు. ధర చెప్పాల్సింది ఆ తర్వాతే.

మావయ్యకి ఈ ఆర్డర్‌లో మిగిలింది అనుకున్నదానికన్నా తక్కువే. సెల్స్, ల్యాబ్, ప్యాకింగ్ కలిసి బాగానే తినేశాయి. కానీ కాగితాలన్నీ ఒక ఫైల్‌లో ఉన్నాయి, వచ్చేసారి మళ్ళీ మొదట్నుంచి వెతుక్కోనక్కర్లేదు. షాపువాళ్ళు ఇంకో 80 అడిగారు.

మొన్న ఫోన్‌లో ఇంకో కొత్త రూల్ చెప్పా. 2027 ఫిబ్రవరి 18 నుంచి చిన్న పరికరాల్లో బ్యాటరీని కొన్నవాళ్ళే తీసి మార్చుకునేలా ఉండాలని యూరప్ అంటోంది. ఫోన్లు, ఇయర్‌బడ్స్ చేసే పెద్ద కంపెనీలు సైతం డిజైన్ గురించి ఆలోచించుకోవాల్సిన విషయం.

“మనది ఎప్పుడూ వెనకాల నాలుగు స్క్రూలే కదరా. అదొక్కటీ నన్నేం మార్చమనలేదు, సంతోషం” అన్నాడు మావయ్య.