పేరొకటే, గొంతు వేరు

మా ఇంటి కంప్యూటర్‌లో సి డ్రైవ్ కింద నీలం గీత ఎర్రబడింది. కొన్నప్పుడు 256 జీబీ అన్నారు, తెరిచి చూస్తే 238 ఉంది. షాపువాడు మోసం చేశాడనుకున్నాను. కాదట. తయారుచేసేవాళ్లది వెయ్యి లెక్క, విండోస్‌ది 1024 లెక్క. సరే, ఆ 238లో ఇప్పుడు మిగిలింది మూడే.

"ఏదైనా క్లీనర్ వేసుకో అమ్మా" అన్నాడు మావాడు ఫోన్లో. ఉచితంగా దొరికినదొకటి వేశాను. క్షణాల్లో వందల తప్పులున్నాయని బెదరగొట్టి, బాగుచెయ్యాలంటే డబ్బు కట్టమంది. ఊడవడానికొచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి "మీ ఇల్లు కూలిపోయేట్టుందమ్మా" అన్నట్టుంది. తీసేశాను.

తర్వాత విన్‌డిర్‌స్టాట్ పెట్టుకున్నాను. అది తనంతట తాను దేన్నీ చెరపదు. ఎక్కడ ఎంత నిండిందో రంగురంగుల గళ్లలో చూపిస్తుంది. పెద్ద ఫైలుకి పెద్ద గడి. అన్నిటికన్నా పెద్దది విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్. మొన్న విండోస్ కొత్తది వేసుకున్నప్పుడు మిగిలిపోయిన పాతది. దాన్ని చేత్తో చెరపకూడదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి, టెంపరరీ ఫైల్స్ కింద తీసెయ్యాలి. ఇక పాత విండోస్‌కి వెనక్కి వెళ్లలేం, అంతే. అలాగే చేశాను. ఇరవై జీబీ వచ్చింది.

మిగిలిన గళ్లన్నీ ఫొటోలూ వీడియోలే. ఫోన్ మార్చినప్పుడల్లా మొత్తం కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా అలవాటు. ఒక్కో ఫొటో మూడేసి చోట్ల ఉంది. డూప్‌గురు అనేది ఇలాంటి జంటల్ని పట్టిస్తుందంటే అదీ వేశాను. పేరు చూసి పోల్చమనొచ్చు, లోపలి సరుకు చూసి పోల్చమనొచ్చు. త్వరగా తేలుతుందని పేరే ఎంచుకున్నాను. పెద్ద జాబితా వచ్చింది. అన్నిటికీ టిక్కులు పెట్టి నొక్కబోతూ ఒక వరస దగ్గర ఆగాను. రెండిటి పేరూ 'రికార్డింగ్ 1'. ఒకటి 2 ఎంబీ, రెండోది 19. కవలలైతే బరువు తేడా ఎందుకుంటుంది?

చిన్నది విన్నాను. పాలవాడితో నెల లెక్క. టిక్కున్న పెద్దది విన్నాను.

"నాకేం తెలుసని రికార్డు చేస్తున్నావమ్మా" అంటూ నాన్న నవ్వు. ఆ తర్వాత వాళ్ల పెళ్లినాడు కురిసిన వాన, వాగు దగ్గర దిగబడిన ఎడ్లబండి, తడిసిపోయిన తలంబ్రాలు. నాన్న పోయి మూడేళ్లు. ఈ ఫైలుందన్న సంగతే మర్చిపోయాను.

చెరిపినా రీసైకిల్ బిన్‌లో ఉంటుంది కదా అనొచ్చు. బిన్ ఖాళీ చేస్తే గానీ జాగా రాదు. ఆ పనీ వెంటనే చేసేసేదాన్ని.

టిక్కులన్నీ తీసేశాను. ఈసారి లోపలి సరుకు చూసి పోల్చమన్నాను. గంట పైనే పట్టింది, పట్టనీ.

సాయంత్రం మావాడు ఫోన్ చేశాడు. "ఎంత ఖాళీ అయిందమ్మా?"

"అరవై జీబీ దాకా అయిందిరా. తాతయ్య ఫైలు మాత్రం పెన్ డ్రైవ్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి పెట్టాను. నీకూ పంపిస్తున్నా, దాచు."

ఇంట్లో డూప్లికేట్లన్నీ ఏరిపారేసిన రోజున, నా చేత్తో నేనే చేసిన డూప్లికేట్లవి.