తెల్ల గొడుగు కింద ఆవిడ

కిందటేడు మా చెల్లెలి పురిటికని హాలండ్ వెళ్ళాను. హేగ్ పట్నంలో వాళ్ళ కాపురం. ఊరగాయలు, కారప్పొడులు మోసుకెళ్ళానే గానీ, నిజం చెప్పొద్దూ, పసిదాన్ని ఎత్తుకోవాలంటే భయం నాకు. మా చిన్నవాడు ఆరో ఏట జ్వరంతో పోయాడు. అప్పట్నుంచీ అంతే. బిడ్డకు నీళ్ళు పోయడం చెల్లెలే చూసుకునేది. నేను వంటింట్లోంచి కదిలేదాన్ని కాదు.

ఒకరోజు మా మరిది, మెస్డాగ్ అనే చిత్రకారుడి సముద్రం బొమ్మ చూపిస్తానని తీసికెళ్ళాడు. ఒక్క బొమ్మకి టిక్కెట్టా, దండగ అనుకున్నాను. చీకటి నడవ దాటి మెట్లెక్కేసరికి చుట్టూ సముద్రమే! 14 మీటర్ల ఎత్తు, 120 మీటర్ల చుట్టుకొలత. నడుమ అరుగు మీద మనం. బొమ్మ అడుగున నిజం ఇసకే పోశారు. ఇసక ఎక్కడ ఆగి రంగు ఎక్కడ మొదలైందో ఎంత చూసినా తెలియలేదు.

అది పక్కనే ఉన్న స్కేవనింగెన్ ఊరట. నాకు నోరు తిరగదు గానీ, చూస్తే తెలిసిన ఊరిలాగే ఉంది. అప్పట్లో రేవు లేక పడవలు ఇసక మీదికే లాగేవారు, అచ్చం మా భీమిలిలో లాగే. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధుల దగ్గర చిన్నప్పుడు ఆడుకున్నాం. వాళ్ళ దేశపు ఊళ్ళు ఇలా ఉండేవన్నమాట!

మెస్డాగ్ బ్యాంకు వ్యాపారం చేసేవాడు. 35వ ఏట అది మానేసి బొమ్మల్లో పడ్డాడు. 1869లో సముద్రం కోసమే హేగ్ వచ్చేశాడు. ఏళ్ళ తరబడి అదే ఒడ్డు గీసి గీసి, 1881లో యాభయ్యో ఏట ఈ పెద్ద బొమ్మ మొదలుపెడితే నాలుగు నెలల్లో అయిపోయింది. మనం కళ్ళు మూసుకుని పోపు వెయ్యమూ, అలాగే. సాయానికి మరికొందరున్నార్లెండి. ఊళ్ళో ఇళ్ళు వేసింది మాత్రం ఆయన భార్య సింట్యే.

ఒడ్డున ఒక తెల్ల గొడుగు, దాని కింద కూర్చుని బొమ్మ వేసుకుంటున్న ఒకావిడ. "ఆవిడే ఈవిడ వదినా" అన్నాడు మరిది. వాళ్ళకి ఒక్కడే కొడుకు. 1863లో పుట్టి 1871లో పోయాడు. ఆ తర్వాతే ఆవిడ పూర్తిగా రంగులు పట్టుకుంది. ఈ బొమ్మ నాటికి ఆవిడకి నా వయసే.

"ఇంత సముద్రంలో పెళ్ళాన్ని అంత చిన్నగా వేశాడేమిటో" అని నవ్వాడు మరిది. నాకు నవ్వు రాలేదు. పలకరించకుండా, ఆవిడ పని ఆవిణ్ణి చేసుకోనిచ్చాడనిపించింది. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా అందరూ నా మొహంలోకే చూస్తారు. ప్రేమే, కాదన్ను.

మబ్బు పట్టినట్టుంది, పైనుంచి వచ్చే వెలుతురు తగ్గి బొమ్మలో నీళ్ళు కూడా మసకబారాయి. మరిది రెండుసార్లు గడియారం చూసుకున్నాడు.

ఆ సాయంత్రం పసిదానికి నలుగు పెట్టి నేనే నీళ్ళు పోశాను. చెల్లెలు గుమ్మంలో ఓ నిమిషం నుంచుంది. ఏమీ అనకుండా కూర తరగడానికి వెళ్ళిపోయింది.