నాన్నా, వాలుగా, ఒక దారపుండా

పులస గురించి మన గోదావరి వాళ్లు చెప్పుకునేన్ని గొప్పలు ఇంకే చేప గురించీ చెప్పుకోరు. పుస్తెలమ్మైనా సరే తినాలన్నారు కూడాను. పాపం, వాలుగకి ఆ యోగం లేదు. ఇంత పెద్ద నోరు, బారెడు మీసాలు, ఒంటిమీద ఒక్క పొలుసైనా ఉండదు. అయినా మా నాన్న మనసులో అరవై ఏళ్లుగా ఈదుతున్నది పులస కాదు, ఒక వాలుగ.

1962లో, ఆయనకి పదిహేడేళ్లప్పుడు, మా ఊరి కాలవలో ఆయన గాలానికి పడిందట. "దారం తెగిపోయిందే అమ్మాయ్, లేకపోతేనా!" అని ముగిసేది ఆ కథ. మొదలెట్టగానే మా అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది. అమ్మ పోయాక వినడానికి నేనొక్కదాన్నే మిగిలాను.

మాఘమాసంలో ఓ రోజు కాఫీ గ్లాసు కింద పెడుతూ, "ఇంకొక్కసారి గాలం వేస్తానే. మంచి దారం కొనిపెట్టు" అన్నారు. ఎనభై ఏళ్ల మనిషి. చేతులు వణుకుతాయి, చూపు ఆనదు. మా వారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మ పోయాక నాన్న నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది.

గిలక ఉన్న గాలపు కర్ర పక్కింటి అబ్బాయి ఇచ్చాడు. దారానికి నేను బయల్దేరాను. నాకు తెలిసిన దారాలు రెండే, పూలు కట్టేదీ, జాకెట్టు కుట్టేదీ. షాపులో కుర్రాడు మూడు ఉండలు ముందు పెట్టేసరికి తెల్లమొహం వేశాను.

"ఇది ఒంటిపోగు నైలాన్ అండి. లాగితే సాగుతాది. ఇది సన్నపోగులతో జడలా అల్లింది. అదే లావులో నైలాన్ కన్నా రెండింతలకు పైగా బరువు ఆపుతాది గానీ సాగదు. ఇది ఫ్లోరోకార్బన్. నీళ్లలో కనపడీ కనపడనట్టుంటాదండి."

ఖరీదైనదే మంచిదనుకునే జాతి కదా మనది, కనపడనిదాని మీదకి చెయ్యి పోయింది. అతను నవ్వి, "కాలవ నీళ్లు బురద కదండీ, అందులో ఏదైనా కనపడదు. పైగా వాలుగ రాత్రిపూట మీసాలతో తడుముకుంటా తిరుగుతాది" అన్నాడు. నిజమే. కాంతి వంగే కొలత నీటికి 1.33, ఫ్లోరోకార్బన్‌కి 1.42, నైలాన్‌కి ఇంకా ఎక్కువ. ఆ తేడా తేటనీళ్లలోనే అక్కరకొస్తుంది.

ఇక "లీడరు" అన్నాడు. లీడరంటే ఎన్నికలప్పుడు దండం పెట్టేవాడనే నాకు తెలుసు. ఇక్కడ లీడరంటే గాలానికీ అసలు దారానికీ మధ్య కట్టే అడుగున్నర ముక్క. వాలుగ నోట్లో సన్నటి పళ్లు ఆకురాయిలా వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్క కాటుతో కొరకదు గానీ, పెనుగులాడే కొద్దీ దారాన్ని అరగదీసేస్తుంది. ఆ దెబ్బలన్నీ ముందు నిలబడి తినేది లీడరట. మన లీడర్లు వింటే బాగుండును! పురిపెట్టిన సన్నటి ఉక్కుతీగ తీసుకున్నాను. అది ఒక్కసారి మెలిక పడిందంటే సాపు చేసి వాడకూడదు, మార్చేయాల్సిందే.

అసలు దారం దగ్గరే ఆగిపోయాను. నాన్న "అన్నిటికన్నా గట్టిది" అన్నారు. గట్టిది అల్లిక దారమే. కానీ సాగని దారం మీద చేప గుంజిందంటే ఆ అదురంతా మణికట్టుకే వస్తుంది. పొరపాటున వేలికి చుట్టుకుంటే కోసేస్తుంది. నైలాన్ అయితే సాగి ఆ ఊపు కొంత మింగుతుంది. నలభై వంతుల మందం, అంటే 0.40 మిల్లీమీటర్ల నైలాన్, సుమారు పది కిలోలు ఆపేది కొన్నాను. గిలక బిగింపు అందులో నాలుగో వంతుకే పెట్టించాను. అంతకు మించి లాగితే గిలకే దారం వదిలేస్తుంది. చెప్పొద్దూ, నేను దారం కొన్నది చేపను చూసుకుని కాదు, నాన్నను చూసుకుని.

ఇంటికొచ్చాక ముడి నేనే వేశాను. కన్నంలోంచి దూర్చి, అయిదారు చుట్లు తిప్పి, వెనక్కి తెచ్చి, తడిచేసి మెల్లగా బిగించాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికే నైలాన్ బలం చచ్చిపోతుంది. పట్టినా వదిలేయాలని నాన్నకి షరతు పెట్టాను. వాలుగ ఇప్పుడు ప్రపంచపు ఎర్రజాబితాలో, ముప్పు పొంచి ఉన్న జాతుల్లో ఉంది. ఆయన గొణుక్కుంటూనే గాలం మీది ఎదురుముల్లు పట్టకారుతో నొక్కేశారు.

మూడో సాయంత్రం, పొద్దుగూకే వేళ, గిలక ఒక్కసారి గుర్రుమంది. కర్ర విల్లులా వంగింది. నాన్న కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డారు. నేను వెనకనుంచి ఆయన నడుం పట్టుకున్నాను. ఆ క్షణంలో ఆ ఎముకల్లో పదిహేడేళ్ల కుర్రాడు ఉన్నాడంటే నమ్మండి. రెండు నిమిషాలో, మూడో. అంతలో దారం వదులైపోయింది.

చుట్టి చివర చూస్తే లీడరు లేదు. నాన్న కళ్లద్దాల దగ్గర పెట్టుకుని వేలితో తడిమారు. "తెగితే చివర మొండిగా ఉంటుంది. అరిగితే పీచుపీచుగా ఉంటుంది. ఇది పందితోకలా మెలికలు తిరిగి ఉందే అమ్మాయ్. ముడి జారింది."

నా ముడి. మూడు చుట్లే తిప్పానేమో, తడపడం మరిచానేమో. అరవై ఏళ్ల కోరికను నేను పాడుచేశాను. కళ్లనీళ్లు వచ్చేశాయి. మా తీగముక్కతో పోయిన ఆ చేప సంగతీ గుర్తొచ్చింది. ఎదురుముల్లు లేదు గనక ఊడిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాలవ వైపే చూస్తూ, "అప్పటి జనపనార తాడు చివర కూడా ఇలాగే మెలికలు తిరిగి ఉంది. ఆ ముడి వేసింది నేను. దారం తెగిందని అందరికీ చెప్పాను" అన్నారు. కాసేపాగి, "మీ అమ్మకు తెలుసు" అన్నారు.

అప్పుడర్థమైంది, కథ మొదలవగానే అమ్మ వంటింట్లోకి ఎందుకు వెళ్లిపోయేదో.

లేచి చెయ్యి అందిస్తే పట్టుకున్నారు. దారిలో మెల్లగా అడిగారు: "నేను పడిపోతాననే కదే, సాగే దారం కొన్నావు?"

"కాదు నాన్నా, అదే చవగ్గా వచ్చింది" అన్నాను.

ఆయన నవ్వారు. వచ్చే ఆదివారం ముడి ఆయన వేస్తారట. కళ్లద్దాలు తుడిచి పెట్టడం మటుకే నా పని.